డేటాబేస్‌కు తాళాలు వేశాక పని ఎలా నడవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు వందల మంది పనిచేసే డెలివరీ కంపెనీ, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్. 'ప్రొడక్షన్ (అంటే నిజంగా వ్యాపారం నడిచే) డేటాబేస్‌లోకి అవసరం లేనివాళ్ళు కూడా నేరుగా వెళ్తున్నారు' అని ఆడిట్ రిపోర్టులో రాశారు. దాంతో ఒక్క వారాంతంలో డీబీఏలకు (డేటాబేస్ నిర్వాహకులకు) తప్ప అందరికీ యాక్సెస్ తీసేశారు. ఇప్పుడు చిన్న లెక్క కావాలన్నా టికెట్ పెట్టాలి, మేనేజర్ అప్రూవ్ చేయాలి, ఆపైన సెక్యూరిటీ టీమ్ అప్రూవ్ చేయాలి. రెండు మూడు రోజులు పడుతోంది. ఆపరేషన్స్ వాళ్ళు ఎండీ దాకా వెళ్ళారు. ఆడిటర్ మాత్రం మీరు చేసింది సరైనదే అంటున్నారు. భద్రత తగ్గకుండా, పని ఆగకుండా దారి ఉందా అని అడిగారు.

ఉందండి. కాకపోతే 'సరే, సగం మందికి తిరిగి ఇచ్చేద్దాం' అనే బేరంతో అది రాదు. మీరు యాక్సెస్ తీసేశారు గానీ ఆ యాక్సెస్‌తో జరిగే పనిని తీసేయలేదు కదా. ఆ పని ఇప్పటికీ జరుగుతూనే ఉంటుంది, మీకు కనబడని చోట. అది ఎక్కడికి వెళ్ళిందో ముందు వెతకండి. మీ దగ్గర అసలు ప్రమాదం ఇప్పుడు అక్కడే ఉంది.

ఇలాంటి కంపెనీ ఒకదానికి నేను సలహాదారుగా వెళ్ళాను. అక్కడ కూడా ఇదే పద్ధతిలో యాక్సెస్ కోసేశారు. షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న ఎక్సెల్ ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఒకదాంట్లో ఆర్డర్ నంబర్, కస్టమర్ పేరు, ఫోన్, రెండో ఫోన్, పూర్తి చిరునామా, గుర్తుగా 'గుడి ఎదురు సందు, రెండో అంతస్తు, సాయంత్రం 6 తర్వాతే ఇంట్లో ఉంటారు' అన్న నోట్ వరకు అన్నీ ఉన్నాయి. ఆపరేషన్స్ వాళ్ళకు అసలు కావలసింది ఒక్కటే: నిన్న ఏ పిన్‌కోడ్‌లో ఎన్ని డెలివరీలు ఫెయిల్ అయ్యాయి. రెండు నిలువు వరుసల లెక్క అది. టికెట్ పెడితే మూడో రోజుకు వస్తుంది, హబ్‌లో మీటింగేమో ఉదయం తొమ్మిదికి. కాబట్టి యాక్సెస్ మిగిలిన ఒకాయనకు ఫోన్ చేశారు. ఆయన పనుల ఒత్తిడిలో ఉన్నాడు. టేబుల్‌లో ఉన్నదంతా ఎక్సెల్‌లోకి దించి పంపేశాడు. అది హబ్ సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. డేటాబేస్‌కు ఎన్‌క్రిప్షన్ ఉంది, ఆడిట్ లాగ్ ఉంది, ఫైర్‌వాల్ ఉంది. డేటా మాత్రం పాతిక ఫోన్లలో ఉంది. తాళం వేసి గొళ్ళెం మరిచినట్టు. ఆ ఎక్సెల్ అడిగినవాళ్ళు గానీ పంపినాయన గానీ చెడ్డవాళ్ళు కారు, అందరూ పని జరగాలనే చూశారు. ఈ మాట మీ సెక్యూరిటీ టీమ్‌కు మొదటి మీటింగ్‌లోనే చెప్పండి. లేకపోతే చర్చ వెంటనే 'మా వాళ్ళకు క్రమశిక్షణ లేదు' అనే వైపు మళ్ళుతుంది, అక్కడితో ఆగిపోతుంది.

సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లో కంప్యూటర్ భద్రతకు ఎనిమిది సూత్రాలు రాశారు. అందులో 'పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలి' అన్నది ప్రతి ఆడిటర్ నోటా వినిపిస్తుంది. అదే జాబితాలో ఎనిమిదోది ఎవరూ ఎత్తరు. రక్షణ ఏర్పాటు మనిషి రోజూ అలవాటుగా, సులువుగా సరైన పద్ధతిలో వాడగలిగేలా ఉండాలన్నది ఆ సూత్రం. వాళ్ళు దాన్ని ఉద్యోగుల సౌకర్యం కోసం అడగలేదు, భద్రతలో భాగంగానే పెట్టారు. నేను నమ్మేదీ అదే. సరైన దారిలో వెళ్ళడానికి పట్టే సమయం దొడ్డిదారిలో పట్టే సమయం కన్నా ఎక్కువైతే మీ పాలసీ కాగితం మీదే ఉంటుంది.

ఇక పనిలోకి. మూడు నెలల టికెట్లు బయటికి తీసి, ఎవరు అడిగారన్నది పక్కనపెట్టి, ఏం అడిగారో చూడండి. చాలా భాగం అవే ప్రశ్నలు, తేదీ మార్చి, ఊరు మార్చి అడిగినవి ఉంటాయి. ఫెయిలైన డెలివరీలు, సీఓడీ (డెలివరీ సమయంలో కట్టే) డబ్బు జమ లెక్క, ఒక కస్టమర్ ఆర్డర్ ఇప్పుడు ఎక్కడుంది, ఫలానా రైడర్ నిన్న ఎన్ని చేశాడు. ఇలా తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలకు మనిషి అప్రూవల్ పెట్టడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. ఒక్కసారి కూర్చుని ఈ ప్రశ్నకు ఏ వివరాలు కావాలో, ఏవి అక్కర్లేదో తేల్చి, ఆ మేరకు ఒక వ్యూ (టేబుల్‌లో ఎంచుకున్న వివరాలే చూపే కిటికీ లాంటిది) తయారుచేసి, ఆ టీమ్ రోల్‌కు (హక్కులు ఇచ్చే డేటాబేస్ ఖాతాకు) ఇచ్చేస్తే సరి. మళ్ళీ ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్‌లో వ్యూ దాని యజమాని హక్కులతో నడుస్తుంది. అంటే అసలు టేబుల్ మీద ఏ హక్కూ ఇవ్వకుండా వ్యూ మీద మాత్రమే చదివే హక్కు ఇవ్వవచ్చు. పేరు, ఫోన్, చిరునామా వ్యూలో లేకపోతే వాళ్ళకు కనబడే మార్గమే లేదు. కొందరు దీని బదులు టేబుల్‌లో కాలమ్ వారీగా హక్కులిస్తారు. అదీ పనిచేస్తుంది గానీ, రిపోర్టింగ్ టూల్ 'అన్ని కాలమ్‌లూ' అని అడిగిన ప్రతిసారీ ఎర్రర్ వస్తుంది, మళ్ళీ మీకే ఫోన్లు వస్తాయి. వ్యూ హాయి.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. హైదరాబాద్ హబ్‌వాళ్ళకు హైదరాబాద్ ఆర్డర్లే, విజయవాడవాళ్ళకు విజయవాడవే కనబడాలని టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనబడాలో చెప్పే నిబంధన) పెడతారు. తర్వాత దాని మీద వ్యూ కడతారు. వ్యూ యజమాని టేబుల్ యజమాని ఒకరే అయితే ఆ వ్యూ ద్వారా వచ్చినవాళ్ళకు ఆ ఫిల్టర్ పనిచేయదు, ఎందుకంటే టేబుల్ యజమానికి మామూలుగా ఆ నిబంధన వర్తించదు. అన్ని ఊర్ల ఆర్డర్లూ కనబడతాయి, ఎర్రర్ కూడా రాదు. 15వ వెర్షన్ నుంచి వ్యూని పిలిచినవాళ్ళ హక్కులతోనే నడిపే సెట్టింగ్ ఉంది. కానీ అది పెడితే అసలు టేబుల్ మీద కూడా వాళ్ళకు హక్కు ఇవ్వాల్సి వస్తుంది. రెండింటిలో మీకు ఏది నప్పుతుందో ముందే తేల్చుకుని, హబ్ ఐడీతో లాగిన్ అయి కళ్ళారా చూసి, ఆ తర్వాతే వదలండి.

ఈ చదివే పనంతా రెప్లికా (అసలు డేటాబేస్‌ను అనుసరించే నకలు సర్వర్) మీదకు పంపండి. రిపోర్ట్ బరువుకు ఆర్డర్ల యాప్ నెమ్మదిస్తుందన్న టెన్షన్ పోతుంది. రెప్లికాలో రోల్స్ ప్రైమరీలో, అంటే అసలు సర్వర్‌లో, ఉన్నవే వస్తాయి కాబట్టి, రిపోర్టింగ్ రోల్‌ను ప్రైమరీ వైపు పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో (ఎవరు లాగిన్ కావచ్చో రాసే ఫైల్) రిజెక్ట్ చేసి, రెప్లికా వైపు మాత్రమే అనుమతించండి. ఆ ఫైల్ ఏ సర్వర్‌ది ఆ సర్వర్‌కే ఉంటుంది. పెద్ద రిపోర్టులు రెప్లికాలో మధ్యలో ఆగిపోతున్నాయని ఫిర్యాదు వస్తే కంగారు పడకండి. ప్రైమరీ నుంచి వచ్చే మార్పులకు అడ్డుపడే క్వెరీని డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి రెప్లికా రద్దు చేస్తుంది. రిపోర్టుల కోసమే పెట్టిన రెప్లికా అయితే ఆ గడువు పెంచుకోవచ్చు, డేటా కాస్త వెనకబడుతుంది అంతే.

ఇంకొకటి, చిన్నదే గానీ టికెట్లు కుప్పలుగా తెప్పించేది: డెవలపర్లు కొత్త టేబుల్ చేస్తారు, చదివే రోల్‌కు అది కనబడదు. డిఫాల్ట్ ప్రివిలేజెస్ (కొత్త టేబుళ్ళకు వాటంతట అవే వచ్చే హక్కులు) సెట్ చేస్తే తీరుతుంది. అయితే ఏ రోల్ పేరుతో సెట్ చేశారో ఆ రోల్ తయారుచేసిన టేబుళ్ళకే అది వర్తిస్తుంది. అందుకని టేబుళ్ళన్నీ ఒకే డిప్లాయ్‌మెంట్ రోల్ ద్వారా తయారయ్యేలా చూసుకోండి. ఈ తలనొప్పి భరించలేక 14వ వెర్షన్‌లో వచ్చిన 'మొత్తం డేటా చదివే' రెడీమేడ్ రోల్ ఇచ్చేస్తుంటారు. జీతాల టేబుల్, కేవైసీ టేబుల్ కూడా 'మొత్తం'లోనే ఉంటాయి కదా. బ్యాకప్ తీసే ఐడీకి తప్ప దాన్ని వాడవద్దని నా మాట.

కస్టమర్ సపోర్ట్ సంగతి వేరు. వాళ్ళకు కస్టమర్ వివరాలు నిజంగానే కావాలి, కానీ ఒక్కసారికి ఒక్క కస్టమర్‌వి చాలు. వాళ్ళకు డేటాబేస్ కాదు, స్క్రీన్ ఇవ్వండి. ఆర్డర్ నంబర్ కొడితే ఆ ఆర్డర్ వివరాలు వస్తాయి, ఫోన్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. కాల్ చేయాలంటే స్క్రీన్‌లోనే బటన్ ఉంటుంది. పూర్తి నంబర్ కావలసి వస్తే ఇంకో బటన్ నొక్కి కారణం ఎంచుకోవాలి. అడ్డుకోవద్దు, చూపించండి, కానీ ఎవరు ఎప్పుడు ఎందుకు చూశారో రాసి పెట్టండి. కాల్‌లో ఉన్న మనిషిని 'అప్రూవల్ వచ్చాక చెప్తాం' అని ఆపడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు.

చూపించి లాగ్ పెట్టడంలో రెండో సగం, ఆ లాగ్ చదవడం. నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో హాగా అనే ఆసుపత్రి ఉంది. ఒక టీవీ ప్రముఖురాలు అక్కడ చేరినప్పుడు ఆమె ఫైల్‌ను వైద్యంతో సంబంధం లేని సిబ్బంది 85 మంది తెరిచి చూశారు. 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ ఆసుపత్రికి 4,60,000 యూరోల జరిమానా వేసింది. లాగిన్‌కు రెండంచెల ధ్రువీకరణ లేకపోవడం, లాగ్‌లను క్రమం తప్పకుండా పరిశీలించకపోవడం ప్రధానమైన తప్పులుగా చూపింది. ఆసుపత్రిలో ఫైళ్ళకు గట్టి తాళాలు వేస్తే ప్రాణాల మీదికి వస్తుంది, కాబట్టి అక్కడ యాక్సెస్ విశాలంగా ఉండక తప్పదు. అలా విశాలంగా ఇచ్చిన చోట చూసే కన్ను కూడా అంత గట్టిగా ఉండాలి. మీ సపోర్ట్ టీమ్ లీడ్‌కు వారానికోసారి 'పూర్తి నంబర్ ఎక్కువసార్లు తెరిచిన ఐడీలు' అనే చిన్న జాబితా వెళ్ళేలా చేయండి. జాబితా వెళ్తోందని టీమ్‌కు కూడా తెలియాలి.

ఇప్పుడు రాసే హక్కు. ఇక్కడ నేను గట్టిగా ఉంటాను. ప్రొడక్షన్‌లో చేత్తో అప్‌డేట్ కొట్టే హక్కు ఎవరికీ శాశ్వతంగా ఉండకూడదు, డీబీఏలకైనా సరే. రోజూ వచ్చే సవరణలు, అంటే తప్పు పిన్‌కోడ్ మార్చడం, ఆర్డర్‌ను మరో హబ్‌కు మళ్ళించడం వంటివాటికి ఫంక్షన్ (డేటాబేస్‌లోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) రాసి, ఆ ఫంక్షన్ నడిపే హక్కు మాత్రం ఆపరేషన్స్ రోల్‌కు ఇవ్వండి. ఫంక్షన్ లోపల పాత విలువ, కొత్త విలువ, మార్చిన ఐడీ నమోదవుతాయి. పోస్ట్‌గ్రెస్‌లో కొత్త ఫంక్షన్ నడిపే హక్కు డిఫాల్ట్‌గా అందరికీ ఉంటుంది, ముందు అది తీసేయండి. యజమాని హక్కులతో నడిచే ఫంక్షన్ అయితే లోపల సెర్చ్ పాత్ (పేర్లను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితా) కూడా కట్టేయాలి. ఎప్పుడో ఒకసారి వచ్చే సవరణలకు స్క్రిప్ట్ రాసి, ఇంకొకరు చూసి, ట్రాన్సాక్షన్‌లో (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగల విధంగా) నడిపి, అనుకున్నన్ని వరుసలే మారాయని సరిచూసుకుని అప్పుడు కమిట్. రెండో మనిషి చూడటానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఏ వరుసలు మార్చాలో చెప్పే 'వేర్' షరతు లేని అప్‌డేట్ కొట్టాక బాగుచేయడానికి ఎంత పడుతుందో ఎవరైనా డీబీఏని అడగండి.

అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే? అప్పుడు పై పద్ధతులేవీ పనికిరావు, ఒప్పుకుంటాను. దానికి అత్యవసర ఐడీ విడిగా ఉంచండి. డ్యూటీలో ఉన్న ఇంజనీర్ ఎవరి అనుమతీ లేకుండా దాన్ని తెరవగలగాలి. తెరిచిన మరుక్షణం మేనేజర్‌కూ, సెక్యూరిటీకీ మెసేజ్ వెళ్ళాలి. గడువు తీరగానే తానే మూసుకోవాలి, మరుసటి రోజు ఏం చేశారో చదవాలి. ఈ 'తానే మూసుకోవడం' దగ్గర చాలామంది పొరబడతారు. పోస్ట్‌గ్రెస్ రోల్‌కు పెట్టే చెల్లుబాటు గడువు పాస్‌వర్డ్‌కు మాత్రమే వర్తిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్న సెషన్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి రోల్ సభ్యత్వం తీసేసి, తెరిచి ఉన్న సెషన్లను కూడా ముగించే జాబ్ ఒకటి మీరే రాసుకోవాలి.

అత్యవసరంలో ప్రమాదం దొంగల నుంచే రాదు, అలసిపోయిన మంచి ఇంజనీర్ నుంచి కూడా వస్తుంది. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో రాత్రివేళ రెప్లికేషన్ సమస్యతో కుస్తీ పడుతున్న ఇంజనీర్ రెప్లికా అనుకుని ప్రైమరీ మీద డేటా డైరెక్టరీ తొలగించాడు. సుమారు 300 జీబీ డేటాబేస్. ఆపేలోపే దాదాపు అంతా పోయింది. రోజువారీ బ్యాకప్ చూస్తే వెర్షన్ తేడా వల్ల చాన్నాళ్ళుగా ఫెయిల్ అవుతోంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్ళు కూడా అందలేదు. చివరికి సుమారు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. వాళ్ళు ఏదీ దాచకుండా అంతా బయటపెట్టారు కాబట్టే మనకు తెలిసింది. తర్వాత వాళ్ళు పెట్టుకున్న పనుల్లో ఒకటి, ఏ సర్వర్‌లో ఉన్నామో టెర్మినల్ ప్రాంప్ట్‌లోనే (కమాండ్ కొట్టే చోట కనబడే గుర్తులోనే) స్పష్టంగా తెలిసేలా చేయడం. ప్రొడక్షన్ ప్రాంప్ట్ ఎర్రగా ఉంటే ఎవరి పనీ ఒక్క సెకను కూడా ఆగదు. ఇలాంటివి ముందు చేయండి, వీటికి ఏ టీమ్‌తోనూ గొడవ ఉండదు. స్టేట్‌మెంట్ టైమౌట్ (ఎక్కువసేపు నడిచే క్వెరీని ఆపేసే గడువు) కూడా అలాంటిదే. అయితే దాన్ని ఎవరైనా తమ సెషన్‌లో మార్చుకోగలరు, కాబట్టి అది పొరపాటును ఆపుతుంది, దురుద్దేశాన్ని ఆపదు.

డెవలపర్లు ప్రొడక్షన్ డంప్ (డేటా మొత్తం కాపీ) లాప్‌టాప్‌లోకి దించుకోవడం మీ దగ్గరా ఉండే ఉంటుంది. నిజమైన డేటా లేకపోతే బగ్ దొరకదని వాళ్ళు అనేది అబద్ధం కాదు. మాస్క్ చేసిన (అసలు వివరాలు మరుగుపరిచిన) కాపీని రోజూ రాత్రి తయారుచేసి ఒక సర్వర్‌లో సిద్ధంగా ఉంచితే డంప్ అడిగేవాళ్ళు తగ్గిపోతారు. మాస్కింగ్ అంటే ఫోన్ నంబర్‌ను మామూలు హ్యాష్ (లెక్క కట్టి వేరే అక్షరాల వరుసగా మార్చడం) చేయడం అనుకోకండి. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. మొత్తం కలిపి 400 కోట్ల అవకాశాలే. అన్నింటికీ హ్యాష్ వేసి పోల్చి చూడటం ఈనాటి కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. నంబర్‌ను పూర్తిగా కల్పిత నంబర్‌తో మార్చేయండి, ఒక కస్టమర్‌కు అన్ని టేబుళ్ళలో అదే కల్పిత నంబర్ వచ్చేలా చూడండి. లేకపోతే జాయిన్లు (టేబుళ్ళ మధ్య లింకులు) తెగి, డెవలపర్లు మళ్ళీ అసలు డంప్ అడుగుతారు.

మీ సందేశంలో 'రిపోర్ట్స్' అనే ఒక ఉమ్మడి ఐడీ గురించి రాశారు. దాన్ని మాత్రం వెంటనే మూసేయాలి. పదిమంది వాడే ఐడీ ఉంటే లాగ్ ఉండీ లాభం లేదు, రేపు ఏదైనా జరిగితే తిలాపాపం తలా పిడికెడు. ప్రతి మనిషికీ తన ఐడీ, అది కంపెనీ లాగిన్‌కు ముడిపడి ఉండాలి. ఉద్యోగం మానేసిన రోజే హెచ్ఆర్ అక్కడ మూస్తే ఇక్కడా మూసుకుపోవాలి. పోర్చుగల్‌లోని బరెయిరు మోంటిజు ఆసుపత్రిలో 2018లో తనిఖీ చేస్తే డాక్టర్ హోదాతో 985 ఐడీలు నడుస్తున్నాయి, ఉన్న డాక్టర్లేమో 296 మంది. 4,00,000 యూరోల జరిమానా పడింది. ఇలాంటి పాత ఐడీలు తీసేస్తే ఎవరి పనీ ఆగదు. ఆడిట్ వచ్చినప్పుడు మొదట కోయాల్సింది వీటినే, పనిచేసేవాళ్ళ యాక్సెస్‌ను కాదు.

నెలనెలా పాస్‌వర్డ్ మార్పించడం ఆపేయమని కూడా చెప్తాను. లీకైందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. పొడవైన పాస్‌వర్డ్, దానికి తోడు రెండో ధ్రువీకరణ చాలు.

చట్టం వైపు నుంచి ఎండీకి చెప్పాల్సినవి ఇవి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం నిర్దేశించిన రకాల సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. 2025 నవంబర్‌లో నోటిఫై అయిన నియమాల్లో ఎన్‌క్రిప్షన్, మాస్కింగ్, యాక్సెస్ నియంత్రణతో పాటు లాగ్‌లు ఏడాది ఉంచడం కూడా ఉంది, అమలుకు 18 నెలల గడువిచ్చారు. వాట్సాప్‌లో తిరిగే ఎక్సెల్‌కు వీటిలో ఏదీ ఉండదు. ఆరు గంటల్లో దాని జాడ చెప్పడం ఎవరి తరమూ కాదు. టికెట్ల ఆలస్యాన్ని 'ఆపరేషన్స్ ఇబ్బంది'గా కాకుండా ఈ కోణంలో చూపిస్తే మీ ఎండీ, ఆడిటర్ ఇద్దరూ ఒకే వైపు వస్తారు.

ఆడిటర్‌కు ఇవ్వడానికి ఒక షీట్ తయారుచేయండి. ప్రతి రోల్ పేరు, అది ఏ పని కోసం, దాని బాధ్యత ఏ మేనేజర్‌ది, చివరిసారి ఎప్పుడు వాడారు. మేనేజర్ మూడు నెలలకోసారి దాన్ని చూసి సంతకం పెట్టాలి. అదే షీట్ చివర ఇంకో కాలమ్ చేర్చండి: ఆ పని కోసం ఎవరైనా టికెట్ పెట్టి ఎదురుచూడాల్సి వస్తే సగటున ఎన్ని గంటలు. ఈ కాలమ్ ఏ ఆడిటరూ అడగరు. మీరు మాత్రం ప్రతి నెలా చూడండి, ఏ వరుసలో అంకె పెరుగుతుంటే ఆ టీమ్ మళ్ళీ ఎక్సెల్ వైపు వెళ్తోందని అర్థం.

మొదట ఉమ్మడి ఐడీ, పాత ఐడీలు మూయండి. ఆ వెంటనే ఎక్కువగా అడిగే ఐదారు ప్రశ్నలకు వ్యూలు చేసి ఆపరేషన్స్‌కు ఇవ్వండి. సపోర్ట్ స్క్రీన్, మాస్క్ చేసిన కాపీ తర్వాత నిదానంగా చేసుకోవచ్చు. మీ పోస్ట్‌గ్రెస్ ఏ వెర్షనో, సొంత సర్వర్‌లో ఉందా క్లౌడ్‌లోనా, రెప్లికా ఇప్పటికే ఉందా లేదా చెప్పండి. క్లౌడ్‌లో అయితే పీజీ హెచ్‌బీఏ ఫైల్ మీ చేతికి రాకపోవచ్చు, అప్పుడు రిపోర్టింగ్ రోల్‌ను రెప్లికాకే పరిమితం చేయడానికి నెట్‌వర్క్ వైపు నుంచి ఏం చేయాలో విడిగా రాస్తాను.